ప్రమాదకరమైన చెట్లు: మా ఇంటి తురాయి నేర్పిన పాఠం

ఇంతవరకు మీకు రక్తపుపోటు గురించి, మధుమేహం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి వ్రాస్తూ వచ్చాను. నేడు ఒక చెట్టు గురించి వ్రాస్తున్నాను. వైద్యుడికి చెట్లతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒకనాటి ఉదయం నా ఇంటి ముందే, నా చెట్టు కొమ్మ విరిగిపడి ఒక మనిషి నెత్తురు కారుతూ నేలపై కూలబడిన తర్వాత ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఇందులో తప్పు నాది. దానిని దాచకుండా చెబితే మీలో ఒక్కరైనా జాగ్రత్త పడతారని ఆశతో వ్రాస్తున్నాను.

మేము తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో 1988లో ఇల్లు కట్టుకున్నాము. గృహప్రవేశం జరిగిన వానాకాలంలోనే నా శ్రీమతి గేటు ప్రక్కన ఒక ఎర్ర తురాయి మొక్కను, పెరటిలో ఒక వేప మొక్కను నాటింది. ఉద్యోగరీత్యా నేను ఎక్కువకాలం ఇతర ఊళ్ళ ఆసుపత్రులలో ఉండేవాడిని. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా పిల్లలతోపాటు ఆ చెట్లు కూడా ఎదిగి కనిపించేవి. వేసవి వచ్చిందంటే తురాయి నిండా ఎర్రని పూలు. మా ఇంటి గుర్తు చెప్పవలసి వస్తే వీధివారు "ఎర్రపూల చెట్టు డాక్టరు ఇల్లు" అనేవారు. నేను పదవీ విరమణ చేసి స్థిరపడిన కొన్నాళ్ళకు ఆమె కాలం చేసింది. అటు తర్వాత ఆ చెట్టును చెట్టుగా చూడడం నాకు సాధ్యం కాలేదు.

రోజూ ఉదయం ఏడు గంటలకు పూలమ్ముకునే ఒక ఆవిడ వచ్చి ఆ నీడలో తట్ట దింపి, కాసేపు కూర్చుని మూరలు కొలిచి అమ్ముకునేది. ఇరవై ఏళ్ళుగా అదే చోటు. మా ఇంట్లో పూజకు పూలు ఆవిడ వద్దనే తీసుకునేవాళ్ళము.

2017 వానాకాలంలో తురాయి మొదలు దగ్గర, నేలకు జానెడు ఎత్తున, అరచేయి వెడల్పున ఒక పుట్టగొడుగు మొలిచింది. గొడుగులాగా కాదు, గోడకు కొట్టిన అర పళ్ళెంలాగా ఉన్నది. పైన లక్క పూసినట్లు ఎర్రగా, గోధుమవర్ణంలో మెరుస్తున్నది. చేతికర్రతో కొట్టి రాల్చివేశాను. పని అయిపోయిందనుకున్నాను. మరుసటి ఏడు అదే చోట రెండు మొలిచాయి. వాటినీ రాల్చివేశాను. ఆ ఏటి నుండి వీధివైపు చాచిన పెద్ద కొమ్మ ఒకటి చిగురించడం మానివేసింది.

పూలావిడ ఒకనాడు తల పైకెత్తి, "సారూ, గా కొమ్మ ఎండిపోయింది, కొట్టిపియ్యరాదు?" అన్నది. "చూద్దాం లేమ్మా, వానలు పడితే చిగురిస్తుందేమో" అన్నాను.

పాఠకులారా, ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆ మాట నమ్మి అనలేదు. ఆ చెట్టుపై గొడ్డలి వేటు పడడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పైకి చెప్పుకోలేక, "చెట్టు కొట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఈ వయసులో ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. చట్టం నన్ను ఆపలేదు. నేనే చట్టం వెనుక దాగినాను.

నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఎంతమంది రోగులను మందలించానో లెక్కలేదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన నాడే రాకుండా ఏడాది ఆగి వచ్చిన తల్లులను, కాలి వేలు నల్లబడినా నూనె రాసుకుంటూ కూర్చున్న మధుమేహ రోగులను చూసి, "ఇన్నాళ్ళు ఏమి చేశారు?" అని గద్దించినవాడిని. పైకి కనిపించే చిన్న లక్షణం లోపలి పెద్ద రోగానికి చిహ్నమని విద్యార్థులకు బోధించినవాడిని. నా గుమ్మం ముందే రెండేళ్ళు లక్షణం కనిపిస్తుంటే కర్రతో రాల్చివేసి లోపలికి వెళ్ళాను.

2019 మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. తెల్లవారేసరికి వాన వెలిసి ఎండ కాసింది, ఆకు కదలడం లేదు. పూలావిడ ఎప్పటిలాగే వచ్చి తట్ట దింపింది. నేను లోపల కాఫీ త్రాగుతున్నాను. తుపాకి పేలినట్లు ఒక చప్పుడు, వెంటనే ఒక కేక. బయటకు పరుగెత్తి చూస్తే మల్లెపూల మీద, ఆవిడ మీద ఆ ఎండుకొమ్మ. రాత్రి గాలికి పగిలి ఊగిసలాడుతున్న కొమ్మ తెల్లవారాక తెగి పడినది.

తల చర్మం చిట్లి నెత్తురు ధారగా కారుతున్నది. స్పృహలోనే ఉన్నది. ఎడమ భుజం క్రిందికి జారి ఉన్నది. శుభ్రమైన తువ్వాలుతో గాయాన్ని అదిమిపట్టి, మెడ కదలకుండా పట్టుకొమ్మని మా అబ్బాయికి చెప్పి, 108కి ఫోను చేయించాను. ఆసుపత్రిలో స్కానింగు చేసి మెదడులో రక్తస్రావం లేదన్నారు. కాలర్ బోన్ అని మనం అనే జత్రుక మాత్రం విరిగింది. తలకు కుట్లు, చేతికి గుడ్డ ఉయ్యాల, ఆరు వారాలు బరువు ఎత్తరాదు. తలపై తట్ట పెట్టుకుని తిరిగి బ్రతికే మనిషికి ఆరు వారాలు!

వైద్యపు ఖర్చు, ఆ ఆరు వారాల రాబడి నేను ఇచ్చుకున్నాను. అది దానం కాదు, బాకీ. చూడడానికి వెళ్ళినప్పుడు ఆవిడ, "మీరేం జేస్తరు సారూ, చెట్టుకేం తెలుసు?" అన్నది. చెట్టుకు తెలియదు, నిజమే. నాకు తెలుసు. ఆవిడే నాకు చెప్పింది కూడా.

చట్టం ఏమంటుంది?

ఆ తర్వాత చట్టం చదివాను. ముందు చదవవలసినది, తర్వాత చదివాను. న్యాయవాదిగా కాక, దెబ్బ తిన్నవాడిగా నేను తెలుసుకున్న నాలుగు సంగతులు మీకు చెబుతాను. మీ ఊరి నియమాలలో తేడాలుండవచ్చు గనుక, పని మొదలుపెట్టే ముందు స్థానిక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

మొదటిది, బాధ్యత. ఢిల్లీలో రోడ్డు ప్రక్కనున్న చెట్టు కొమ్మ విరిగి స్కూటరుపై వెళ్తున్న ఒక వ్యక్తిపై పడగా అతడు మరణించాడు. ఆ కేసులో 1999లో సుప్రీంకోర్టు అక్కడి మున్సిపల్ కార్పొరేషనును బాధ్యురాలిని చేసింది. ఆ తీర్పులో చెప్పిన సూత్రం కార్పొరేషనుకే కాదు, మీకూ నాకూ కూడా వర్తిస్తుంది. ఒకరి స్థలంలో చెట్టు ఎండిపోయో చచ్చిపోయో పడిపోయే స్థితిలో ఉండి, ఆ లోపం యజమానికి తెలిసి ఉన్నా, తెలిసి ఉండవలసినదైనా, అది పడి ఎవరికైనా హాని జరిగితే యజమాని బాధ్యుడే. "తెలిసి ఉండవలసినదైనా" అన్న మాటను గమనించండి. నేను చూడలేదు అనడం సమాధానం కాదు. దారిన పోయేవారికి మన ఆవరణ వలన హాని కలుగకుండా చూసుకోవడం మన విధి. మంచి పనివాడికి అప్పగించాను గదా అని కూడా తప్పించుకోలేము.

రెండవది, అనుమతి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్ని మనమందరం వాల్టా అంటాము. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఆ చట్టమే నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉన్నది. బోరుబావుల విషయంలోనే దాని పేరు ఎక్కువగా వింటాము కాని, చెట్లకు కూడా అందులో ఒక అధ్యాయం ఉన్నది. మన స్థలంలో మనం నాటి పెంచిన చెట్టయినా సరే, నియమిత అధికారి ముందస్తు అనుమతి లేకుండా నరకరాదు. సాగుకోసం పెంచే కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. నరికిన చెట్టుకు బదులుగా కొత్త మొక్కలు నాటి పెంచవలసిన బాధ్యత కూడా ఉంటుంది. అనుమతి లేకుండా నరికితే జరిమానా పడుతుంది.

ఈ నియమం చూసి చాలామంది నాలాగే భయపడతారు, లేదా విసుక్కుంటారు. కాని తురాయి విషయంలో నేను దరఖాస్తు పెట్టినప్పుడు నాకు అర్థమైనది వేరు. ఇంటి పన్ను రసీదు, చెట్టు ఫోటోలు, అది ఎందుకు ప్రమాదకరమో వివరిస్తూ ఒక పుట. ఇంతే నేను ఇచ్చినది. ఒక ఉద్యోగి వచ్చి చూసి, మొదలు చుట్టూ తిరిగి, అనుమతికి వ్రాశాడు. మొత్తం మీద నేను రెండుసార్లు తిరిగాను. రెండేళ్ళు నేను భయపడిన "తిరుగుడు" అదే. నరికించినప్పుడు చూస్తే మొదలు లోపల మోచేయి వరకు చేయి పట్టేంత బోలు.

మూడవది, పొరుగువారి చెట్టు. ప్రమాదకరమైన చెట్టు మనది కాకపోతే ఏమి చేయాలి? ముందు వెళ్ళి మాట్లాడండి. తర్వాత కాగితం మీద వ్రాసి ఇచ్చి, ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. అలా వ్రాసి ఇస్తే "నాకు తెలియదు" అనే మాటకు తావుండదు. అప్పటికీ కదలకపోతే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 133వ సెక్షన్, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ ఉన్నది. ఒక చెట్టు పడిపోయి ఇరుగుపొరుగువారికో బాటసారులకో గాయం చేసే స్థితిలో ఉన్నదని నివేదిక గాని సమాచారం గాని అందితే, జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు మొదలైన అధికారులు దానిని తొలగించమనో, ఆధారం కట్టమనో యజమానికి షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. అభ్యంతరముంటే యజమాని హాజరై చెప్పుకోవచ్చు. "తొలగించమని" అనే మాటతోపాటు "ఆధారం కట్టమని" అనే మాట కూడా చట్టంలోనే ఉన్నది. విరిగిన కాలును తీసివేయడం ఒక్కటే వైద్యం కాదు గదా, కట్టు కట్టడమూ ఉన్నది.

నాలుగవది, కరెంటు తీగలు. తీగలకు అడ్డుగా పెరిగిన చెట్టును తొలగించేందుకు 2003 విద్యుత్తు చట్టంలో 68వ సెక్షన్ ఉన్నది. తీగ వేయకముందే ఆ చెట్టు అక్కడ ఉన్నట్లయితే యజమానికి తగిన పరిహారం ఇప్పించే వీలు కూడా అందులో ఉన్నది. తీగల దగ్గరి కొమ్మను మాత్రం మీరు గాని మీ పనివాడు గాని ముట్టవద్దు. సరఫరా ఆపించి, విద్యుత్తు సంస్థవారి చేతనే చేయించాలి. పచ్చికొమ్మలో నీరుంటుంది, అది తీగను తాకితే కరెంటు ప్రవహిస్తుంది. చేతిలో కొడవలి, ప్రక్కన తీగ ఉండగా జరిగిన ప్రమాదాలను నేను ఆసుపత్రిలో చూశాను. వాటిని వర్ణించడం నాకు ఇష్టం లేదు.

రోగం వేరు, ప్రమాదం వేరు

తురాయి పోయింది. ఆ అనుభవం నాలో ఎంత భయం నింపిందంటే, ఆ తర్వాత దాదాపు ఇంకొక తప్పు చేయబోయాను.

2021లో వానాకాలం ముగిసేసరికి తెలంగాణ అంతటా వేపచెట్లు ఎండిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. కొమ్మల చివరలు గోధుమరంగుకు తిరిగి, నిప్పుసెగ తగిలినట్లు మాడిపోయాయి. పల్లెలలో రకరకాల వదంతులు వ్యాపించాయి. వేపను దేవతగా కొలిచే మన ప్రాంతంలో అది అరిష్టమని కూడా భయపడ్డారు. నిజానికి అది డైబ్యాక్ అనే తెగులు. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం దానికి ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. లేత కొమ్మల రసం పీల్చే టీ మస్కిటో బగ్ అనే పురుగు కూడా దానికి తోడైంది.

మా పెరటి వేప కూడా మాడింది. ఈసారి ఆలస్యం చేయకూడదని, మరుసటి వారమే దరఖాస్తు పట్టుకుని వెళ్ళాను. చూడడానికి వచ్చిన ఉద్యోగి పడుచువాడు. చాకు తీసి, ఎండినట్లు కనిపించే కొమ్మలను చివర నుండి మొదటి వైపు అక్కడక్కడ గీకుతూ వచ్చాడు. చివరలో గోధుమరంగు. మూరెడు లోపలికి వచ్చేసరికి బెరడు క్రింద పచ్చదనం. "సార్, చెట్టు బ్రతికే ఉన్నది. మొదలు గట్టిగా ఉన్నది, దీనికింద ఎవరూ కూర్చోరు. ఎండిన చివరలు తీయించి, వేసవి దాకా ఆగండి" అన్నాడు. నాడి చూడకుండానే మరణధ్రువపత్రం వ్రాయబోయిన వైద్యుడిలాగా సిగ్గుపడ్డాను.

ఎండిన కొసలు కత్తిరించి కాల్పించాను. 2022 ఉగాదికి పచ్చడిలోకి వేపపువ్వు బజారులో కొన్నాము. చెట్టుకు పువ్వు లేదు గాని, ఎర్రని చిగుళ్ళు మాత్రం వచ్చాయి. మరుసటి ఉగాదికి పువ్వు కూడా పూసింది. ఆ తెగులు మళ్ళీ మళ్ళీ రావచ్చు, వస్తూనే ఉన్నది. అయినా చెట్టు నిలిచి ఉన్నది. ఇక్కడ వైద్యుడిగా ఒక హెచ్చరిక. తెగులు కోసం చెట్టుకు శిలీంధ్రనాశనులు, పురుగుమందులు కొట్టించి ఉంటే, ఆ చెట్టు పుల్లలతో పళ్ళు తోమరాదు, ఆ చిగుళ్ళు, పువ్వు తినరాదు, ఆ ఆకు పసిపిల్లల స్నానపు నీటిలో వేయరాదు.

ఈ రెండు చెట్ల నుండి నేను నేర్చుకున్నది ఇదే. తురాయి పచ్చగా పూస్తూనే లోపల కుళ్ళిపోయింది. వేప శవంలాగా కనిపిస్తూ బ్రతికి ఉన్నది. పైరంగు చూసి నిర్ణయించరాదు. రోగమున్న చెట్టల్లా ప్రమాదకరం కాదు, ప్రమాదకరమైన చెట్టల్లా రోగిలాగా కనిపించదు. రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది విరిగే అవకాశం ఎంత? విరిగితే ఎవరి మీద, దేని మీద పడుతుంది? పొలం మధ్య ఒంటరిగా నిలిచిన మోడును గుడ్లగూబలకు, చిలుకలకు వదిలివేయవచ్చు. అదే మోడు బడిగేటు ముందు ఉంటే ఒక్కరోజు కూడా ఉపేక్షించరాదు.

చెట్టును ఎలా పరీక్షించాలి?

రోగిని మేము నాలుగు విధాల పరీక్షిస్తాము: చూడడం, తాకడం, తట్టడం, స్టెతస్కోపుతో వినడం. ఇందులో మొదటి మూడు చెట్టుకూ పనికి వస్తాయి.

చూడండి. మొదలు వద్ద గాని, మాను మీద గాని పళ్ళెం వంటి పుట్టగొడుగులు మొలిచాయా? నాకు కనిపించినది గానోడెర్మా జాతి. పైకి కనిపించే పళ్ళెం దాని పండు వంటిది మాత్రమే. శిలీంధ్రపు పోగులు అప్పటికే లోపలి కట్టెలో, వేర్లలో వ్యాపించి ఉంటాయి. దానిని రాల్చివేయడం జ్వరం కొలిచే కర్రను విరగగొట్టడం వంటిది. ఇంకా, చిగురించని పెద్ద కొమ్మలు, మానులో నిలువు పగుళ్ళు, రెండు మానులు కలిసే పంగలో చీలిక, కొత్తగా ఒక ప్రక్కకు ఒరగడం, ఒరిగిన దిక్కుకు ఎదుటి వైపు నేల ఉబ్బి బీటలు వారడం, ఇవన్నీ ప్రమాద చిహ్నాలు. ఏళ్ళుగా వంగి పెరిగిన చెట్టు వేరు, నిన్నమొన్న ఒరిగిన చెట్టు వేరు. రెండవది అత్యవసర స్థితి.

క్రిందికి చూడండి. కాలువ కోసమో, సిమెంటు రోడ్డు కోసమో, పునాది కోసమో ఇటీవల వేర్లు నరికారా? మాను చుట్టూ ఊపిరాడకుండా సిమెంటు పోశారా? వేర్లు పోయిన చెట్టు కొన్నేళ్ళ తర్వాత గాలికి పడితే మనం గాలిని నిందిస్తాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో ఎన్నెన్ని చెట్లను కూల్చిందో చూసినవారికి వేళ్ళ పట్టు విలువ నేను చెప్పనక్కరలేదు.

తట్టండి. కర్రసుత్తితో మాను చుట్టూ మెల్లగా తట్టుతూ పోతే గట్టి కట్టె ఒకలాగా, బోలు మరొకలాగా పలుకుతుంది. మా వైద్యంలో రోగి ఛాతీపై వేళ్ళతో తట్టి చూసే పరీక్షను ప్రవేశపెట్టినవాడు ఆస్ట్రియా వైద్యుడు లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగర్. 1761లో దానిని గ్రంథస్థం చేశాడు. అతడు పూటకూళ్ళ ఇంటి యజమాని కుమారుడు. పీపాలో సారాయి ఎంతవరకు ఉన్నదో తట్టి తెలుసుకునే పద్ధతి నుండే ఆ ఊహ వచ్చిందని మాకు చెప్పేవారు. కట్టె పీపా నుండి మనిషి ఛాతీకి వచ్చిన విద్యను మళ్ళీ కట్టెకు తీసుకుపోవడంలో తప్పేముంది? బోలు ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోతుందని కాదు. చుట్టూ గట్టి కట్టె తగినంత మందాన ఉంటే బోలు మాను కూడా ఎంతోకాలం నిలుస్తుంది. అనుమానం వస్తే తెలిసినవారిని పిలవమనడానికే ఈ పరీక్ష.

ఇంకొక మాట. మనిషి గాయం మానుతుంది, చెట్టు గాయం మానదు. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేలాది మానులను చీల్చి చూసి ఈ సంగతి స్పష్టం చేశాడు. చెట్టు పాడైన కట్టెను బాగుచేసుకోదు. దాని చుట్టూ గోడ కట్టి వేరుచేసి, ఆ పైన కొత్త కట్టెను పెంచుకుంటుంది. అందువలన ఎడాపెడా నరికిన ప్రతి వేటూ జీవితాంతం దానిలో ఉండిపోతుంది. కొమ్మను మానుకు అంటుకునేలా చెక్కివేయరాదు, పొడుగు మొండెం వదలనూ రాదు. కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉండే కంకణాన్ని వదిలి, దాని వెలుపల కోయాలి. తొర్రలో సిమెంటు నింపడం మేలు చేయదు. భయపడి చెట్టు తల మొత్తం నరికించడం మరీ కీడు. ఆ కోతల నుండి గుంపుగా పుట్టే కొమ్మలకు పట్టు తక్కువ, కొన్నేళ్ళకు అవే విరిగిపడతాయి.

వైద్యుడిగా నా విన్నపాలు

మా ఆసుపత్రులకు చెట్ల వలన వచ్చే గాయాలలో ఎక్కువ భాగం చెట్టు మనిషిపై పడినవి కావు, మనిషి చెట్టుపై నుండి పడినవి. తాటిచెట్ల నుండి పడిన గీత కార్మికులను, కొమ్మ కొట్టబోయి జారిన ఇంటి యజమానులను ఎందరినో చూశాను. నిలువుగా కాళ్ళపై పడినవాడికి మడమ ఎముక విరిగితే, నడుము నొప్పి లేదన్నా వెన్నెముకను కూడా పరీక్షించాలని మాకు నేర్పుతారు. ఆ అదురు పైదాకా పోతుంది. అరవై దాటినవారు నిచ్చెన వేసుకుని కొమ్మలు కొట్టవద్దు. పనివాడిని పెట్టుకున్నా తాడు, నడుము పట్టీ, శిరస్త్రాణం లేనివాడిని ఎక్కించవద్దు. అతని కూలిలో రెండు వందలు మిగిల్చి అతని వెన్నెముకను పందెం కాయడం మనకు తగదు.

ఒకవేళ కొమ్మ ఎవరిపైనైనా పడితే, ముందు పైకి చూడండి. ఇంకొక కొమ్మ వ్రేలాడుతున్నదేమో, కరెంటు తీగ తెగి ఉన్నదేమో గమనించాకే దగ్గరకు వెళ్ళండి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మెడను కదిలించవద్దు, కూర్చోబెట్టవద్దు, నీళ్ళు త్రాగించవద్దు. 108కి ఫోను చేయండి. తలకు దెబ్బ తగిలినవారు ముందు బాగానే మాట్లాడవచ్చు. కనీసం ఇరవై నాలుగు గంటలు ఒంటరిగా వదలవద్దు. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, మాట తడబడడం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, ఒక చేయి గాని కాలు గాని బలహీనపడడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రక్తం పలుచబడే మందులు వాడుతున్న వృద్ధులైతే, లక్షణాలేవీ లేకపోయినా వైద్యుడికి చూపించాలి.

చెట్టు ఇప్పుడో అప్పుడో పడేలా ఉంటే దరఖాస్తు కంటే ముందు మనుషులను తప్పించండి. క్రింద బండ్లు నిలపనీయకండి, తాడు కట్టి దారి మళ్ళించండి, ఫోటోలు తీయండి, పురపాలక సంఘానికి, అటవీశాఖకు వెంటనే తెలియజేయండి. ఆ పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నా మాటలు విని చెట్లంటే భయపడవద్దు. మే నెల ఎండలో నీడ కూడా ఒక వైద్యమే. వడదెబ్బ రోగులను చూసినవాడిగా ఆ మాట చెబుతున్నాను. చెట్టును పెంచడం పుణ్యమని పెద్దలు మనకు నేర్పారు. పెంచిన తర్వాత ఏడాదికి రెండుసార్లు, వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి దాని చుట్టూ తిరిగి చూడడం కూడా ఆ పుణ్యంలో భాగమే.

తురాయి స్థానంలో, గేటుకు కొంచెం ఎడంగా, ఒక కానుగ మొక్క నాటాను. ఇప్పుడది మనిషికి రెండింతల ఎత్తు పెరిగింది. పూలావిడ మళ్ళీ వస్తున్నది. ఎడమ భుజం చలిలో ఇంకా నొస్తుందట, తట్ట కుడివైపునే ఎత్తుకుంటుంది. మొదట్లో ఎదురింటి గోడ నీడన కూర్చునేది. నేను పిలవలేదు, పిలిచే మొహం నాకు లేదు. నిరుటి వేసవిలో ఒకనాడు తనంత తానే వచ్చి కానుగ క్రింద తట్ట దింపింది. దింపే ముందు తల పైకెత్తి కొమ్మలన్నీ ఒకసారి చూసుకున్నది. కిటికీలో నుండి చూస్తున్న నేను తలదించుకున్నాను.

ఆవిడ ఇప్పుడు రోజూ చేసే ఆ పనిని, ఆవిడ చేయవలసిన అవసరం లేకుండా నేను ముందే చేసి ఉండవలసింది. ఈరోజు సాయంత్రం వీలు చూసుకుని మీ చెట్టు క్రిందికి వెళ్ళి, ఒకసారి తల పైకెత్తి చూడండి.